ఇంప్లాంట్ పెట్టిస్తే పొడవు తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. వయసు 54. రైస్ మిల్లులో గుమాస్తాను. 14 ఏళ్లుగా షుగర్. నాలుగేళ్లుగా అంగం గట్టిపడటం లేదు. మాత్రలు, ఇంజక్షన్లు పనిచేయలేదు. అంగం లోపల గొట్టాల్లాంటి ఇంప్లాంట్ పెట్టించుకోమన్నారు. దాంతో పొడవు తగ్గుతుందని తెలిసినాయన భయపెట్టాడు. ఆపరేషన్‌లోనే పొడవు పెంచే పద్ధతి ఉందా? - పేరు వద్దు

జవాబు: మీరు ఉత్తరంలో రాశారు గానీ, నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ మాట తలుపు దాకా వెళ్లి, చెప్పులు తొడుక్కుంటూ అడుగుతారు. అందుకే నేనే ముందు స్టీల్ స్కేలు తీస్తాను. మెత్తగా ఉన్న అంగాన్ని సాగదీసి, మొదలు దగ్గరి ఎముక నుంచి కొస దాకా కొలిచి, ఆ అంకె ఆయన చేతే రాయిస్తాను. ఇంప్లాంట్ తర్వాత వచ్చేది ఇంచుమించు అంతే. నిరుడు దేవరకొండ నుంచి వచ్చినాయన "తగ్గింది సార్" అని గొడవపడితే ఆ కాగితం చూపించి మళ్లీ కొలిచాను. తేడా లేదు. "అయితే ముందే పోయిందన్నమాట" అన్నారు.

నిజమే. షుగర్ వల్ల, ఏళ్ల తరబడి రక్తం నిండకపోవడం వల్ల లోపలి కండ బిరుసెక్కి ముడుచుకుంటుంది. ముందు షుగర్ అదుపు చేసుకోండి. ఇన్ఫెక్షన్ వస్తే ఇంప్లాంట్ తీసేయాల్సి వస్తుంది. పొడవు అప్పుడు నిజంగా పోతుంది. కొందరికి ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు గాలి లాగి అంగంలోకి రక్తం రప్పించే వాక్యూమ్ పంపు వాడిస్తాం.

వృషణాల తిత్తి చర్మం బాతు కాలివేళ్ల మధ్య పొరలా అంగాన్ని కిందికి పట్టేసి ఉంటే విడదీసి కుడతాం. పొత్తికడుపు కింద కొవ్వు పేరుకుంటే తీయొచ్చు. కొత్త పొడవేమీ రాదు, దాగినది బయటికొస్తుంది. ఇంప్లాంట్ గొట్టాల్లో (సిలిండర్లు) పొడవుకు కూడా కాస్త సాగేవి ఉన్నాయి.

ఇక ఇంటర్నెట్‌లో కనిపించే స్లైడింగ్ పద్ధతి. అంగం లోపలి కండ చుట్టూ ఉండే గట్టి తొడుగును కోసి, ఒకదాని మీంచి ఒకటి జరిపి పొడిగిస్తారు. అందుకు నరాలను, రక్తనాళాలను ఎత్తి పక్కకు తీయాలి. రక్తం అందక అంగం ముందుభాగం కుళ్లిన కేసులున్నాయి. షుగర్, సిగరెట్ ఉన్నవాళ్లకు ఆ ముప్పు మరీ ఎక్కువ. పెరోనీ జబ్బుతో (తొడుగులో గట్టి మచ్చ కట్టి అంగం వంగిపోయే జబ్బు) బాగా కుంచించుకుపోయిన వాళ్లకు, అదీ చేయి తిరిగిన సర్జన్ దగ్గర అయితే సరే. మీకైతే నేను చెయ్యను.

మూడు భాగాల (సిలిండర్లు, పంపు, నీటి సంచి) ఇంప్లాంటయితే, నొప్పి తగ్గాక రోజూ పంపు నొక్కి సిలిండర్లు నింపి, కాసేపు ఉంచి వదలాలి. బద్ధకిస్తే చుట్టూ పొర బిగుసుకుంటుంది. పంపు బుడిపె వృషణాల తిత్తిలో ఉంటుంది, మొదట్లో చేతికి దొరకదు. నేర్పించే రోజు మీ ఇంటామెను కూడా తీసుకెళ్లండి.