ఆలివ్ నూనె డబ్బా కొనే ముందు

కావలి
ఆదివారం

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే నువ్వెంత టెన్షన్ పడుతున్నావో తెలిసింది. అల్లుడికి షుగర్ అని తేలగానే మెడిటరేనియన్ వంట, అంటే గ్రీసు, స్పెయిన్ లాంటి మధ్యధరా సముద్రపు దేశాల తిండి, మొదలుపెడతానన్నావు, ఐదు లీటర్ల ఆలివ్ నూనె డబ్బాకు ఆర్డర్ పెట్టబోతున్నానన్నావు. ఆ వంట మంచిదే తల్లీ. పద్నాలుగేళ్లుగా మీ పెదనాన్నకు నేను వండేది కూడా ఇంచుమించు అదే. డబ్బా సంగతి మాత్రం కాస్త ఆగు.

మొదట్లో నేనూ ఆ నూనె దగ్గరే మొదలుపెట్టాను. పాత వేపుళ్లే అందులో వేయించి, ఎప్పటిలాగే కంచం నిండా అన్నం పెట్టాను. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయిస్తే ఏమీ తగ్గలేదు. అప్పుడు కూర్చుని చదివాను. గ్రీసు పల్లెల్లో కంచంలో ఎక్కువ భాగం కూరగాయలు, ఆకుకూరలు, శనగల్లాంటి గింజలట. చేప తరచుగా, మాంసం ఎప్పుడో. రొట్టె ఉంటుంది గానీ పెత్తనం దానిది కాదు. మన దగ్గర పెత్తనమంతా అన్నానిదే కదా! స్పెయిన్‌లో దాదాపు 7,400 మందిని కొన్నేళ్లపాటు గమనించి 2013లో ఫలితాలు అచ్చువేశారు, లోపాలు సరిచూసి 2018లో మళ్లీ వేశారు. వాళ్లలో సగం మందికి షుగర్ ఉంది. ఆలివ్ నూనెతోనో, రోజుకు 30 గ్రాముల బాదం, అక్రోటు లాంటి గింజలతోనో ఈ తిండి తిన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం లాంటివి మిగతావాళ్లకంటే సుమారు 30 శాతం తక్కువగా వచ్చాయి. షుగర్ ఉన్నవాళ్లకు అసలు భయం గుండెతోనే కాబట్టి నాకు ఆ మాట బలంగా పట్టుకుంది.

ఇక నీ వంటింటికి వద్దాం. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో శనగ ఎంత పండుతుందో నీకు నేను చెప్పాలా? కాబూలీ శనగలు ఒక గ్లాసు రాత్రి నానబెట్టు. పొద్దున కుక్కర్లో చేత్తో నలిపితే మెత్తగా చితికేదాకా ఉడికించు. రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి పొడి చేసి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కాస్త జీలకర్ర, ఉప్పు వేసి, శనగలు ఉడికిన నీళ్లతోనే మెత్తగా రుబ్బు. గూడూరు నిమ్మకాయ ఒకటి పిండు. పైన రెండు చెంచాల నూనె పొయ్యి. అరబ్బులు హమ్మస్ అనేది ఇదే. చూడ్డానికి మన రోటిపచ్చడికి చెల్లెలిలా ఉంటుంది. కీరా ముక్కలతో గానీ, ఒక్క జొన్నరొట్టెతో గానీ పెట్టు. ఒక మాట మాత్రం మరిచిపోకు: శనగల్లో కూడా పిండిపదార్థం ఉంది. అందుకే అన్నానికి బదులుగా పెట్టాలి, అన్నం తిన్నాక పైనుంచి కాదు. రాగిసంకటి, కొర్రన్నం విషయంలోనూ అంతే. ముద్ద పెద్దదైతే షుగర్ పెరుగుతుంది, చిరుధాన్యం కదా అని ఊరుకోదు.

చేపలకు మన జిల్లాల్లో కొదవేముంది? కొరమీను మీద మోజు కొంచెం తగ్గించుకుని కానాగంతలు, కవళ్లు తెప్పించు. చవకగా వస్తాయి, గుండెకు మంచి చేసే కొవ్వు వాటిలోనే ఎక్కువ. వారానికి రెండుసార్లు చాలు. నూనెలో ముంచి వేయించకుండా పులుసు పెట్టు, లేదా పసుపు, మిరియాలు, నిమ్మరసం పట్టించి పెనం మీద కాల్చు. నెల్లూరు చేపల పులుసు మానాలా అని భయపడుతూ అడిగావు. మానొద్దమ్మా! ఇబ్బంది పులుసుతో కాదు, దాని కోసం మూడోసారి వడ్డించుకునే అన్నంతో. అన్నం చిన్న గిన్నెతో కొలిచి ఒక్కసారే పెట్టు. ముందు కూర, చేపముక్క తిననిచ్చి, ఆఖరున అన్నం కలుపుకోమను. ఆ వరసలో తింటే షుగర్ అంత ఒక్కసారిగా పైకెక్కదు.

గంగపాయల కూర కనిపిస్తే వదలకు. గ్రీసులో కూడా దాన్ని పచ్చిగా నిమ్మరసం, నూనెతో కలుపుకుని తింటారు. మనం పప్పులో వేసుకుంటాం, ఈసారి పెరుగుపచ్చడిలోనూ వేసి చూడు.

నూనె మాటకొస్తే, ఆలివ్ నూనె కొనాలనిపిస్తే ఎక్స్‌ట్రా వర్జిన్ అని ఉన్న చిన్న సీసా కొను. పొమేస్ అని రాసి ఉన్నది పండు పిండేశాక మిగిలిన పిప్పి నుంచి తీసింది, అది వద్దు. సీసా నల్లగాజుదై ఉండాలి, పొయ్యి పక్కన పెట్టకూడదు. సలాడ్ల మీద, శనగపచ్చడి మీద అది వాడుకుని, తాలింపులకు మన వేరుశనగ నూనె, నువ్వుల నూనె వాడుకో. ఏ నూనెనైనా చెంచాతోనే కొలువు. మా ఇంట్లో మనిషికి రోజంతటికీ నాలుగైదు టీస్పూన్లు దాటనివ్వను. ఆవకాయ, అప్పడం, ఎండుచేప ఉప్పుమూటలు, రోజూ పెట్టకు. అక్కడివాళ్లు భోజనంతో వైన్ తాగుతారని అల్లుడు చదివి ఉంటే, ఆ అలవాటు ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టాల్సిన అవసరం లేదని నా మాటగా చెప్పు.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇది. ఒకరోజు ఉత్సాహం కొద్దీ మీ పెదనాన్నకు అన్నం పూర్తిగా మానిపించి, మాత్ర మామూలుగానే వేశాను. సాయంత్రం నాలుగింటికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబడింది. మీటర్‌లో చూస్తే షుగర్ 58కి పడిపోయింది. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూశాక గానీ నా గుండె కుదుటపడలేదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు తిండి ఒక్కసారిగా తగ్గిస్తే ఇలా పడిపోతుంది. అందుకే అన్నం తగ్గించే ముందే డాక్టరు గారికి చెప్పండి, మాత్ర మోతాదు ఆయనే చూస్తారు. కిడ్నీ పరీక్ష కూడా చేయించమను. అందులో తేడా ఉంటే పప్పులు, గింజలు ఎంత పెట్టాలో ఆయన్నే అడగాలి.

నోట్‌బుక్ ఒకటి పెట్టు. మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు మీటర్‌లో చూసి, ఆ పూట ఏం పెట్టావో పక్కనే రాయి. పదిహేను రోజులు రాస్తే ఏది పడుతుందో, ఏది పడదో అల్లుడి ఒళ్లే చెబుతుంది. పై ఆదివారం పొద్దున రైలుకు వస్తున్నాను, కానాగంతలు నేనే తెస్తాను. శనివారం రాత్రి శనగలు నానబెట్టి ఉంచు.

మీ పెద్దమ్మ