కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లీషు టీచరు కావాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే ఇంగ్లీషు చేశాను. నాలుగేళ్ళుగా డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మావారికి కాలిఫోర్నియాలో ఉద్యోగం, వచ్చే ఏడాది నేనూ వెళ్తున్నాను. అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళకు చెప్పే ఈఎస్ఎల్ టీచరుగా చేరవచ్చా? బీఈడీ ఉండాలా?
– పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: బీఈడీ అక్కర్లేదు. ప్రభుత్వ స్కూలు టీచరుకు రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి గానీ, రెండేళ్ళ కోర్సులు నడిపే కమ్యూనిటీ కాలేజీవాళ్ళు దాన్ని అడగరు, మాస్టర్స్ డిగ్రీ అడుగుతారు. అది ఏ సబ్జెక్టులో అన్నదే మీకు వచ్చే చిక్కు. కాలిఫోర్నియాలో క్రెడిట్ కోర్సులు, అంటే డిగ్రీ లెక్కలోకి వచ్చేవి, చెప్పాలంటే టీసాల్‌లో (ఇతర భాషలవాళ్ళకు ఇంగ్లీషు నేర్పే విద్య) మాస్టర్స్ ఉండాలి. లింగ్విస్టిక్స్, ఇంగ్లీషు, ఎడ్యుకేషన్ మాస్టర్స్ అయితే అందులో ఇంగ్లీషు బోధనే ప్రధానాంశంగా ఉండాలి. సాహిత్యం చదివిన ఎమ్మే ఒక్కటే చాలదు. దానికి తోడు బీఏలో ఇంగ్లీషు మెయిన్‌గా ఉండి, బోధనలో సర్టిఫికెట్ కూడా ఉంటే రెండో దారిలో అర్హత వస్తుంది. మన మూడు సబ్జెక్టుల బీఏని వాళ్ళు ఎలా లెక్కిస్తారో కాలేజీ హెచ్ఆర్‌కు ముందే ఈమెయిల్ రాసి అడగండి. నాన్‌క్రెడిట్ తరగతులకు నియమాలు ఇంకాస్త సడలింపుగా ఉంటాయి. మీలాంటివాళ్ళకు మొదటి మెట్టు సాధారణంగా అదే. వేరే రాష్ట్రానికి వెళ్తే ఈ లెక్కలు మారతాయి.

వైజాగ్‌లో ఉండగానే చేసుకోవాల్సిన పనులు రెండున్నాయి. మార్కుల జాబితాలు యూనివర్సిటీ నుంచి సీల్డు కవర్లలో తీసుకోండి. మీ డిగ్రీని అమెరికా లెక్కలోకి మార్చి చెప్పే సంస్థల్లో కొన్ని వాటినే అడుగుతాయి, అక్కడినుంచి ఎవరినో యూనివర్సిటీ చుట్టూ తిప్పడం కష్టం. రిపోర్టు కూడా ఒక్కో సబ్జెక్టు విడివిడిగా చూపే రకమే తీసుకోండి. డిగ్రీ ఒక్కటే చూపే చవక రిపోర్టు ఇక్కడ పనికిరాదు. రెండోది మీ సిలబస్ కాపీలు. ఫొనెటిక్స్, భాషాబోధన పేపర్లు చదివి ఉంటే మీ వాదనకు బలం అవే.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది వీసా. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద వెళ్తే, ఉద్యోగం చేయకూడదు. మీవారి గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 (కంపెనీ ఆయన తరఫున వేసే దరఖాస్తు) ఆమోదం పొందితే మీరు వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2015 నుంచి ఉన్న వెసులుబాటు ఇది.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో టీసాల్ మాస్టర్స్ చేసి, అక్కడే కాలేజీలో స్థిరపడతానంటోంది. ఇల్లు తాకట్టు పెట్టి పంపవచ్చా?
– పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దండీ. చదువు మంచిదే, అమ్మాయి కోరికా మంచిదే. కానీ ఆ జీతంతో ఈ అప్పు తీరదు. కమ్యూనిటీ కాలేజీల్లో ఈఎస్ఎల్ టీచర్లలో ఎక్కువమంది మొదలయ్యేది పార్ట్‌టైమ్‌గానే. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఒక పార్ట్‌టైమ్ టీచరుకు ఒక కాలేజీ జిల్లాలో (ఒకటో కొన్నో కాలేజీలను నడిపే పాలక సంస్థ) ఫుల్‌టైమ్ పనిలో 67 శాతానికి మించి ఇవ్వరు. ఫుల్‌టైమ్ అంటే సెమిస్టరుకు 15 యూనిట్లు అనుకుంటే, చేతికొచ్చేది పదే. అందుకని పొద్దున ఒక కాలేజీ, సాయంత్రం ఇంకో ఊళ్ళో ఇంకో కాలేజీ. జీతం కట్టేది తరగతి గంటలకు. దిద్దే కాగితాలు, తయారయ్యే పాఠాలు చాలాచోట్ల అందులోనే కలిసిపోతాయి. విద్యార్థులు సరిపడా చేరకపోతే క్లాసు మొదలయ్యే వారంలో కూడా రద్దవుతుంది.

వీసా సంగతి ఇంకా కటువు. టీసాల్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో లేదు. కాబట్టి చదువయ్యాక ఉద్యోగానికి దొరికేది 12 నెలలు, కంప్యూటర్ పిల్లలకు వచ్చే 36 నెలలు కాదు. పార్ట్‌టైమ్ టీచరుకు హెచ్-1బీ ఉద్యోగ వీసా వేసే కాలేజీ దొరకడం చాలా అరుదు. స్కాలర్‌షిప్‌తోనో టీచింగ్ అసిస్టెంట్‌గానో సీటు వస్తే పంపండి.

ప్రశ్న: ద్వారకానగర్‌లో ఒక సంస్థ 120 గంటల ఆన్‌లైన్ టీసాల్ సర్టిఫికెట్ ఇస్తామంటోంది. సెల్టా కూడా 120 గంటలేనట కదా. మరి తేడా ఏమిటి?
– పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: గంటలు ఒకటే, ఆ గంటల్లో చేసే పని వేరు. సెల్టా అంటే కేంబ్రిడ్జి వారి ఇంగ్లీషు టీచర్ల సర్టిఫికెట్, అందులో నిజమైన విద్యార్థులకు 6 గంటలు పాఠం చెప్పాలి, వెనక ట్యూటర్ కూర్చుని రాసుకుంటారు. అనుభవమున్నవాళ్ళ తరగతులు 6 గంటలు చూడాలి, రాతపనులు నాలుగు చేయాలి. మీరు అడిగిన కోర్సులో ఒక్క క్లాసైనా ఎవరైనా చూసి తప్పులు చెబుతారా? చెప్పకపోతే ఆ డబ్బు పెట్టకండి.

సర్టిఫికెట్ ఏదైనా, మన ఊళ్ళోనే ఒక మంచి సాధన ఉంది. తెలుగు పిల్లలకు ఇంగ్లీషు చెప్పేటప్పుడు కష్టం వస్తే తెలుగులోకి దూకేస్తాం. అమెరికా క్లాసులో ఆ వీలుండదు, పక్కపక్కనే స్పానిష్, అరబిక్, వియత్నామీస్ మాట్లాడేవాళ్ళు కూర్చుంటారు. విశాఖలో నేవీ కుటుంబాలు, స్టీల్‌ప్లాంటు వైపు ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు ఎంతమందో ఉన్నారు. అలాంటి ఎనిమిది, పదిమంది పెద్దవాళ్ళను కలిపి, వారానికి రెండు సాయంత్రాలు పది వారాలు చెప్పండి. తెలుగు వాడకూడదు, హిందీ వాడకూడదు. మొదటి పాఠం ఫారం నింపడం పెట్టండి. ‘లాస్ట్ నేమ్’ దగ్గర అందరూ తడబడతారు, ఇంటిపేరు ముందు రాసుకునే మనకు ఆ తికమక బాగా తెలిసినదే. హాజరు పట్టిక, పాఠం ప్లాన్లు దాచుకోండి, దరఖాస్తులో చూపడానికి పనికొస్తాయి.

ప్రశ్న: ఇంటర్వ్యూలో పదిహేను నిమిషాల డెమో ఉంటుందట. నా తెలుగు యాస అడ్డమవుతుందా?
– పాఠకురాలు, మధురవాడ

జవాబు: యాస కాదు, అర్థం కాకపోవడం అడ్డం. మనకు సరిచేసుకోవాల్సినవి ముఖ్యంగా రెండు. మొదటిది, అచ్చుతో మొదలయ్యే మాటకు ముందు మనకు తెలియకుండానే య, వ చేరతాయి. ‘ఎగ్జామ్’ యగ్జామ్ అవుతుంది, ‘ఓన్లీ’ వోన్లీ అవుతుంది. రెండోది, ఇంకా పెద్దది, ఊనిక. తెలుగులో అక్షరాలన్నిటికీ ఇంచుమించు ఒకే బరువు. ఇంగ్లీషులో ఒక భాగం సాగి, మిగతావి నలిగిపోతాయి. ‘హోటల్’లో మనం హో మీద ఒత్తుతాం, వాళ్ళు టెల్ మీద ఒత్తుతారు. ‘డెవలప్’ని వాళ్ళు డివెలప్ అంటారు, ఊనిక వె మీద. నిఘంటువులో ఊనిక పడే భాగానికి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. రేపటి పాఠంలోని ఇరవై మాటలకు ఆ గీత చూసుకుని, రబ్బరు బ్యాండు వేళ్ళకు పెట్టి ఆ భాగం దగ్గర సాగదీస్తూ పలకండి. ఫోన్లో రికార్డు చేసి వినండి. రోజుకు పది నిమిషాలు చాలు.

ఇక డెమో. ‘యూజ్డ్ టు’ ఇచ్చారనుకోండి. బోర్డు మీద ఒక్క వాక్యం: ‘మరియా యూజ్డ్ టు వర్క్ ఇన్ ఎ బేకరీ.’ నిర్వచనం చెప్పకుండా, ఇంగ్లీషులోనే రెండు ప్రశ్నలు అడగండి: ఇప్పుడు పనిచేస్తోందా? ఒక్కరోజే చేసిందా? రెంటికీ ‘నో’ వచ్చిందంటే అర్థం చేరింది. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగొద్దు, అర్థం కానివాళ్ళూ తలూపుతారు. తర్వాత పలుకుబడి: వాడుకలో డ, ట కలిసిపోయి ‘యూస్టు’ అని వినబడుతుంది. అక్షరమక్షరం విడదీసి నేర్పితే వాళ్ళు బస్సులో విన్నప్పుడు గుర్తుపట్టలేరు. ఇదంతా ఐదారు నిమిషాల్లో అయిపోవాలి.

మిగతా సమయం వాళ్ళది. తమ ఊరి గురించి మూడేసి వాక్యాలు జంటగా చెప్పుకోమనండి. ముందు సూచన ఇచ్చి, ఒకరితో చేసి చూపించి, ఆ తర్వాతే కాగితం పంచండి. ముందే పంచితే కళ్ళన్నీ కాగితం మీదకు పోయి మీ మాట ఎవరూ వినరు. వాళ్ళు మాట్లాడుతుంటే తిరుగుతూ రెండు తప్పులు రాసుకోండి. చివరి రెండు నిమిషాల్లో ఎవరివో చెప్పకుండా బోర్డు మీద పెట్టి, వాళ్ళతోనే దిద్దించండి.