లైట్ వేయకుండానే సూపర్ కండక్టర్ మారుతుందా?

తమ్మీ, సూపర్ కండక్టర్‌ను (నిరోధం లేకుండా కరెంటు పారించే పదార్థాన్ని) ఆప్టికల్ క్యావిటీలో, అంటే కొన్ని పౌనఃపున్యాల కాంతినే పట్టి ఉంచే గూటిలో పెడితే లేజర్ వేయకుండానే దాని గుణం మారుతుందా, దాంతో టీసీ (అది సూపర్ కండక్టర్‌గా మారే ఉష్ణోగ్రత) పెంచొచ్చా అని అడిగావు. మారుతుంది. పెంచడం సంగతికి మాత్రం తొందరపడకు. తొందరపడి పరువు పోగొట్టుకున్నవాణ్ణి నేను.

2018లో భౌతిక శాస్త్రవేత్త రూబియో బృందం ఒక థియరీ పేపర్ వేసింది. స్ట్రాన్షియం టైటనేట్ మీది ఐరన్ సెలినైడ్‌ను క్యావిటీలో పెడితే ఎలక్ట్రాన్లకూ ఫోనాన్లకూ (స్ఫటికంలోని అణువుల కంపనాలకూ) మధ్య బంధం బలపడుతుందని లెక్క. అబ్‌స్ట్రాక్ట్ సగం చదివి, హనుమకొండలో ఎమ్మెస్సీ పిల్లల ముందు బోర్డు మీద టీసీ పక్కన పైకి బాణం గీసేశాను. వెనక బెంచీ అమ్మాయి ఫోన్‌లో అదే పేపర్ తీసి, "సార్, సూపర్ కండక్టివిటీ పెరగదని రాశారు కదా" అంది. నిజమే. బంధం బలపడుతుంది కానీ అదే సమయంలో ఫోనాన్ పౌనఃపున్యం తగ్గిపోతుంది. బాణం చెరిపేశాను.

ఇక లైట్ లేకుండా ఎలా అంటావా? చిన్నప్పుడు పరకాల దగ్గర మా ఊర్లో, బోరింగు కాడ ఖాళీ ఇత్తడి బిందెకు చెవి ఆనించేవాళ్లం. ఎవరూ ఊదకపోయినా లోపల 'ఊఁ' అని ఒకటే శ్రుతి. సగం నీళ్లు పోస్తే శ్రుతి మారేది. బయటి గోలలోంచి బిందె తనకు సరిపడేదాన్నే పట్టుకుంటుంది. క్యావిటీ పనీ అలాంటిదే. కాకపోతే గోల ఆగితే బిందె మూగబోతుంది, క్యావిటీలో చిమ్మచీకట్లోనూ విద్యుదయస్కాంత క్షేత్రపు క్వాంటం కదలిక ఆగదు.

2025లో కొలంబియా యూనివర్సిటీలోని బసోవ్ బృందం చూపించింది ఇదే. అద్దాలు కూడా లేవు, హెక్సాగొనల్ బోరాన్ నైట్రైడ్ పలుచని రేకే క్యావిటీ. దాన్ని సుమారు 12 కెల్విన్ దగ్గర సూపర్ కండక్టర్ అయ్యే ఒక ఆర్గానిక్ స్ఫటికం మీద పరిచారు. రేకుదీ, స్ఫటికంలోని కార్బన్ డబుల్ బాండ్ కంపనానిదీ ఒకే శ్రుతి, అంటే ఒకే పౌనఃపున్యం. అయస్కాంతపు సూదిమొనను దగ్గరకు తెచ్చి, స్ఫటికం ఎంత నెడుతుందో కొలిచారు. లిక్విడ్ నైట్రోజన్ డెమోలో అయస్కాంతం గాల్లో తేలేది ఈ నెట్టుడు వల్లే. రేకున్న చోట నెట్టుడు తగ్గింది, అంటే సూపర్‌ఫ్లూయిడ్ సాంద్రత (నిరోధం లేకుండా పారే ఎలక్ట్రాన్ల సాంద్రత) పడిపోయింది. శ్రుతి కలవని వేరే పదార్థం పరిస్తే అలా కాలేదు. నాకు ఈ చివరి ముక్కే ముఖ్యం. అది లేకపోతే, పైన ఏదో అంటించారు కాబట్టి పాడైందని కొట్టిపారేసేవాణ్ణి.

ప్రాజెక్టుకు ఇదే తీసుకుంటానంటే టైటిల్‌లో 'టీసీ పెంపు' అని పెట్టకు. నైట్రైడ్ రేకు మందం మారిస్తే శ్రుతులు ఎటు జరుగుతాయో లెక్కగట్టు. దానికి క్రయోస్టాట్ (బాగా చల్లబరిచే పరికరం) అక్కర్లేదు, నీ లాప్‌టాప్ చాలు.