కెప్టెన్ని కాళికని చెయ్యకు

అమ్మడూ,

నీ కథ రాత్రి రెండుసార్లు చదివేను. మబ్బు పట్టగానే వాళ్లమ్మ వడియాలు వదిలేసి ముందు కూతురి బూట్లు లోపలికి తెచ్చిన చోట ఏడుపొచ్చింది. ఆ తర్వాత పేజీ నుంచి ఒకటే కోపం.

నీ కథలో పిల్ల 2019లో ఇన్‌ఫాంట్రీ, అంటే కాల్బలం, కెప్టెనా? కాశ్మీర్లో కంపెనీని నడిపించి, చివర్లో భద్రకాళై విరుచుకుపడిందా? రెగ్యులర్ ఆర్మీలో ఇన్‌ఫాంట్రీ, ట్యాంకు రెజిమెంట్లు ఆడపిల్లల్ని ఇంకా తీసుకోట్లేదమ్మా. ఫైటర్ విమానాలకి 2016లో ముగ్గుర్ని తీసుకున్నారు, ఆర్టిలరీలోకి, అంటే ఫిరంగి దళంలోకి, 2023లో మొదట ఐదుగురెళ్లేరు. ఆ పిల్ల కొట్టాల్సిన తలుపునే నువ్వు పీకేశావు, ఇంక కథెక్కడుంది?

2020 ఫిబ్రవరి 17 నాటి సుప్రీంకోర్టు తీర్పు చదువు. జవాన్లు ఎక్కువమంది పల్లెటూళ్లోళ్లు, ఆడ ఆఫీసరు కమాండ్ ఒప్పుకోడానికి ఇంకా మానసికంగా సిద్ధంగా లేరని కేంద్రం వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు, పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఉండే ఉద్యోగం, ఇమ్మంది, కానీ అది యుద్ధ దళాల గురించిన తీర్పు కాదు. పల్లెటూళ్లోళ్లన్న ఆ మాట నాకిప్పటికీ మంటే. తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం ఉంది, మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు, అదీ పల్లెటూరే. మా మేనత్త మొగుడు మిలిటరీలో ఉంటే సార్వా, దాళ్వా రెండూ ఆవిడే చేయించేది, ఆకుమడి దగ్గర్నుంచి కాలవ లస్కరుతో నీళ్ల వంతు గొడవదాకా, ఒక్క పాలేరు ఎదురు చెప్పడం నేను చూళ్లేదు.

ఆవిణ్ణే కథగా రాస్తే, నన్నడక్కుండా ఒక ఎడిటరు చివర్న వీరమాతని చేసి హారతి పట్టించి అచ్చేశాడు. భీమవరం బస్టాండులో నిలబడే చదివి, ఆర్నెల్లు కలం ముట్టుకోలేదు. దేవతని చేసేస్తే ఇంక ఆవిడ పోస్టింగూ అడగదు, పెన్షనూ అడగదు. షార్ట్ సర్వీసులో, అంటే కొన్నేళ్లకే పరిమితమైన ఉద్యోగంలో, 14 ఏళ్లకి ఇంటికి పంపేస్తే పెన్షన్ లేదు, దానికి 20 ఏళ్లుండాలి, కోర్టుకెళ్లినోళ్ల బాధల్లో అదీ ఒకటి, హారతి కాదు.

ఒంట్లో బలం మాటేంటని మీ నాన్నగారన్నారుగా. బరువు, పరుగు, అందరికీ ఒకటే గీత పెట్టమను, దాటినోళ్లని తీసుకోమను, అంతే.

మళ్లీ రాయి. ఏడాది 2023కి మార్చి ఆర్టిలరీలో పెట్టు. మొదటి పొద్దున్న ముసలి హవల్దారు సెల్యూట్ కొట్టేముందు ఆగిన ఆ అరసెకను రాయి. బూట్ల సీను మాత్రం అక్షరం కదపకు. కాయితమ్మీద పంపు, ఫోన్లో నాకు ఆనవు.