రెగ్గే షోలో నివాళి అంటే ఒక్కరి పాటలే వేయడం కాదు

అమెరికాలో మీ యూనివర్సిటీ రేడియోలో వారానికి రెండు గంటల రెగ్గే (జమైకా సంగీతం) షో ఇచ్చారని, ఆగస్టులో మొదలని, మీకు తెలిసింది బాబ్ మార్లే ఒక్కడేనని, నివాళులూ థీమ్ షోలూ ఎలా చేయాలో చెప్పమని అడిగారు. నేను అక్కడ చదువుకునేటప్పుడు మూడేళ్లు అలాంటి షోనే చేశాను. మొదలుపెట్టినప్పుడు నాకు తెలిసిందీ ఆయన ఒక్కడే, అదీ ఇంజనీరింగ్ హాస్టల్ గోడ మీది పోస్టర్ పుణ్యమా అని.

మొదటి ఫిబ్రవరి 6న, అంటే మార్లే పుట్టినరోజున, వరసగా తొమ్మిది మార్లే పాటలు వేసి పొంగిపోయాను. మర్నాడు మేనేజర్ పిలిచి కూర్చోబెట్టాడు. ఆన్‌లైన్‌లో కూడా వినిపించే స్టేషన్ కాబట్టి మా లైసెన్సు నిబంధన ఇదీ: ఏ మూడు గంటల్లోనైనా ఒక కళాకారుడివి నాలుగు పాటలు, వాటిలో వరసగా మూడే. ఒకే ఆల్బమ్ నుంచైతే మూడు, వరసగా రెండే. ఏ పాట ఎప్పుడు వేస్తామో ముందే ప్రకటించకూడదు కూడా. ఇది మీ స్టేషన్‌లో మొదటి రోజే అడిగి తెలుసుకోండి, నాలాగా తిట్లు తిన్నాక కాదు.

అప్పుడు విసుగనిపించింది కానీ, నాకు షో చేయడం నేర్పింది ఆ నిబంధనే. మరుసటి ఏడాది మార్లేవి మూడే వేశాను. మిగతా టైమంతా ఆయన చుట్టూ ఉన్నవాళ్లది. జమైకాలోని ట్రెంచ్‌టౌన్‌ పేటలో మార్లేకీ ఆయన జట్టు కుర్రాళ్లకీ గొంతులు కలిపి పాడటం నేర్పిన జో హిగ్స్‌తో మొదలుపెట్టాను. తర్వాత ఆ జట్టులోని పీటర్ టాష్, బన్నీ వేలర్ విడిగా పాడినవి. మార్లే వెనక గొంతులుగానే చాలామందికి తెలిసిన మార్షా గ్రిఫిత్స్, జూడీ మోవాట్, రీటా మార్లే సొంత పాటలు. మార్లేకి బేస్, డ్రమ్స్ వాయించిన బారెట్ అన్నదమ్ములు అంతకుముందు నిర్మాత లీ పెర్రీ దగ్గర చేసిన వాద్య సంగీతం. చివర్లో కింగ్ టబ్బీ. డబ్‌కు, అంటే పాటలో గొంతు తగ్గించి బేస్, డ్రమ్స్‌ని ముందుకు తెచ్చే పద్ధతికి, రూపం ఇచ్చిన ఆ సౌండ్ ఇంజనీర్‌ని 1989లో కాల్చి చంపిందీ ఫిబ్రవరి 6నే. మొదటి ఏడాది ఆయన పేరే ఎత్తలేదని ఒక జమైకా పెద్దాయన ఫోన్ చేసి మరీ గుర్తుచేశాడు. ఆయనే ఇంకోసారి, మీ గంజాయి మాట మా ద్వీపానికి మీ కూలీలతోనే వచ్చింది తెలుసా అని నవ్వాడు. 1845 నుంచి అక్కడికి భారతీయ కూలీలు వెళ్లారు మరి. (ఈ కబుర్లు మైకు ఆపాకే!)

నివాళి కదా అని గొంతు బరువు చేయకండి. జమైకాలో మనిషి పోయాక తొమ్మిదో రాత్రి ఊరంతా చేరి తిని, పాడి, ఆడి సాగనంపుతారు. పుట్టిన తేదీ, పోయిన తేదీ ఒక్కసారి చెప్పి పాటలోకి వెళ్లిపోండి.

థీమ్‌లకు వర్షం, రైళ్లు, జైలు, తిండి లాంటివి పాటల పేర్లు వెతికి పేర్చేయొచ్చు, రెండు మూడు వారాలు గడుస్తాయి. అసలు మజా రిడిమ్ షోలో ఉంది. రిడిమ్ అంటే బేస్, డ్రమ్స్‌తో కట్టిన వరుస. మన జానపదంలో ఒకే వరుసకు పది ఊళ్లలో పది పాటలు కట్టినట్టే, అక్కడ ఒకే రిడిమ్ మీద ఎంతమందైనా పాడతారు. 1967లో జమైకాలోని స్టూడియో వన్‌లో పుట్టిన రియల్ రాక్ అనే రిడిమ్ మీద లెక్కలేనన్ని పాటలున్నాయి. ముందు వాద్య రూపం వేసి, తర్వాత విల్లీ విలియమ్స్ ఆర్మగిడియన్ టైమ్ వేయండి. మూడో పాటకి వినేవాళ్లే పట్టేస్తారు. ఇంకో గంట 1985 నాటి స్లెంగ్ టెంగ్ రిడిమ్‌కి ఇవ్వొచ్చు, అది చిన్న కాసియో కీబోర్డులో ముందే ఉన్న బీట్‌తో చేసింది.

పాత రికార్డుల వెనక వైపు తరచూ గొంతు తీసేసిన వెర్షన్ ఉంటుంది. మీరు మాట్లాడేటప్పుడు వెనకాల అది పెట్టుకోండి. యూ-రాయ్ లాంటి జమైకా డీజేలు పేరు తెచ్చుకున్నదే ఆ వెర్షన్ల మీద మాట్లాడి. గాయకుడు పాడుతుంటే మాత్రం నోరు విప్పొద్దు. ఆ పాత రికార్డుల సౌండు కొత్తవాటికంటే తక్కువగా వినిపిస్తుంది, ఒక్కో పాటకీ లెవెల్ చూసుకోండి. నేను దాన్ని మరిచిపోయి ఒక రాత్రి కొత్త డాన్స్‌హాల్ (రెగ్గే నుంచి పుట్టిన డాన్సు సంగీతం) పాటతో అందరి చెవులూ అదరగొట్టాను.

మీ షో ఆగస్టులో అన్నారు కాబట్టి మొదటి వారమే అందుకోండి. 6వ తేదీ జమైకా స్వాతంత్య్ర దినం, 1962. ఆ ఏడాది డెరిక్ మోర్గాన్ పాడిన ఫార్వర్డ్ మార్చ్‌తో మొదలుపెట్టి, రెగ్గేకి ముందు వచ్చిన స్కా నుంచి, దాని తర్వాతి రాక్‌స్టెడీ మీదుగా రెగ్గేకి రండి. ఆ రోజు స్టూడియో ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఎత్తడానికి ఒక ఫ్రెండ్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి.