తాతగారి బాప్తిస్మ పత్రం వీసాకు సరిపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారి నాన్న ఇంగ్లండులో పుట్టి, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేలో డ్రైవరుగా గుంతకల్లు వచ్చారు. 1938లో ఇక్కడే ఒక తెలుగు క్రైస్తవ కుటుంబంలో పెళ్లి చేసుకున్నారు. నాన్నగారు 1950లో పుట్టారు, ఇప్పుడు లేరు. పూర్వీకుల వీసా మీద బ్రిటన్ వెళ్లి పని చేసుకోవచ్చని విన్నాను. నా దగ్గరున్నది తాతగారి బాప్తిస్మ పత్రం ఒక్కటే. 1907 మే నెలలో అక్కడి పేరిష్ చర్చి ఇచ్చింది. అందులో ఇంటిపేరు మేం రాసుకునే దానికి ఒక అక్షరం తేడా. జనన సర్టిఫికెట్ తెప్పించడానికి ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: అమ్మా, ముందు ఆ లక్షన్నర మీ దగ్గరే ఉంచుకోండి. ఆ సర్టిఫికెట్‌ను ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో మీరే తెప్పించుకోవచ్చు, ఫీజు పదిహేను పౌండ్ల లోపే. మీ ఉత్తరంలో నన్ను ఆపింది వేరే మాట. "నాన్నగారు 1950లో పుట్టారు" అని ఒక్క ముక్కలో దాటేశారు చూడండి, అసలు టెన్షన్ అక్కడుంది. దానికి వస్తాను.

ముందు అర్హత. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులే కాబట్టి ఈ వీసా మనకూ వర్తిస్తుంది. 17 ఏళ్లు నిండి ఉండాలి, అక్కడ పని చేసే ఉద్దేశం, చేయగల ఓపిక ఉండాలి, దరఖాస్తు బ్రిటన్ బయటి నుంచే పెట్టాలి. అటు ఇద్దరు తాతలు, ఇటు నాయనమ్మ, అమ్మమ్మ – నలుగురిలో ఒక్కరు బ్రిటన్‌లో పుట్టి ఉంటే చాలు. ముత్తాత లెక్కలోకి రాడు. మారు తాతా రాడు. దత్తత సంబంధం మాత్రం చెల్లుతుంది. వీసా ఐదేళ్లకు ఇస్తారు, ఆ తర్వాత స్థిర నివాసం అడగవచ్చు. మీ నాన్నగారు లేకపోవడం దీనికి అడ్డం కాదు. ఆయన కాగితాలు లేకపోతేనే అడ్డం.

ఇక బాప్తిస్మ పత్రం. ఇంగ్లండు చర్చిల్లో 1813 నుంచి బాప్తిస్మ రిజిస్టరు అచ్చు వేసిన గడులతో అన్నిచోట్లా ఒకే తీరున ఉంటుంది. బాప్తిస్మం ఇచ్చిన తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఉండే చోటు, తండ్రి చేసే పని, చివర గురువు గారి సంతకం. పుట్టిన తేదీకి గడే లేదు. కొందరు గురువులు ఓపిక చేసుకుని పక్కన మార్జిన్లో రాసేవారు, అంతే. పుట్టిన ఊరికీ గడి లేదు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆడపిల్లలకే పరిమితం కాదు, అక్కడా ఉండేది. కాబట్టి బిడ్డ ఒక ఊళ్లో పుట్టి మరో ఊరి చర్చి పుస్తకంలోకి ఎక్కడం మామూలే. అందుకే వీసా అధికారి చర్చి కాగితంతో సరిపెట్టుకోడు, ప్రభుత్వ రిజిస్టరులోని ఎంట్రీ అడుగుతాడు. ఇంగ్లండు, వేల్స్‌లో ఆ రిజిస్టరు 1837 జూలై 1న మొదలైంది. 1907 నాటికి బిడ్డ పుట్టిన 42 రోజుల్లోపు నమోదు చేయించడం తప్పనిసరి కూడా. మీ తాతగారి పేరు అక్కడ ఉండే అవకాశం చాలా ఎక్కువ. (ఆయన స్కాట్లండులో పుట్టి ఉంటే ఆ రిజిస్టరు వేరు, 1855లో మొదలైంది.)

ఇంగ్లండు, వేల్స్ జనన రిజిస్టరును చూసేది జనరల్ రిజిస్టర్ ఆఫీసు. దాని సూచికలో వెతికేటప్పుడు చాలామంది ఒకచోట పొరబడతారు. అది మూడేసి నెలల విడతల్లో ఉంటుంది, అదీ నమోదైన తేదీ ప్రకారం. డిసెంబరు 10న పుట్టిన బిడ్డను జనవరిలో నమోదు చేయిస్తే పేరు మరుసటి ఏడాది మార్చి విడతలో కనిపిస్తుంది. కాబట్టి 1907 ఒక్కటే చూసి లేదనుకోవద్దు. కాస్త పెద్దయ్యాక బాప్తిస్మం ఇప్పించిన ఇళ్లూ ఉన్నాయి, మూడు నాలుగేళ్లు వెనక్కి వెళ్లండి. పేరు పెట్టకముందే నమోదు చేయించి ఉంటే సూచికలో పేరు బదులు "మగ" అని మాత్రమే ఉంటుంది. ఒకే పేరున ఇద్దరు దొరికితే? సర్టిఫికెట్ తెప్పించి, అందులోని తండ్రి వృత్తిని, తల్లి పేరును మీ బాప్తిస్మ పత్రంతో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ పాత కాగితం నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: చవగ్గా వస్తుందని పీడీఎఫ్ తీసుకోవద్దు, దానికి సాక్ష్య విలువ లేదు. తల్లిదండ్రుల వివరాలున్న పూర్తి సర్టిఫికెట్, కాగితం మీదే కావాలి.

ఇంటిపేరులో ఒక అక్షరం తేడాకు నిద్ర మానుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో చెప్పింది విని గుమస్తా రాసుకునేవాడు. రైల్వే సర్వీసు రికార్డు, పెళ్లి రికార్డు, పింఛను కాగితం, వీటిలో వయసు, తండ్రి పేరు, వృత్తి ఒకదానికొకటి కలిస్తే అక్షరం తేడాను ఒక అఫిడవిట్‌తో వివరించుకోవచ్చు. పాత కాగితం మీద మాత్రం పెన్ను పెట్టకండి. లామినేషనూ వద్దు. ఒక క్లయింటు కొడుకు, పాపం మంచికే అనుకుని, తాత పేరులో అక్షరం దిద్దుకొచ్చాడు. బంగారం లాంటి కాగితం చెత్తబుట్టకు పోయింది. మోసం చేశారని తేలితే బ్రిటన్ పదేళ్లపాటు తలుపు మూసేస్తుంది.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. మీ జనన సర్టిఫికెట్ మిమ్మల్ని నాన్నగారితో కలుపుతుంది. నాన్నగారిని తాతగారితో కలిపేది ఏది? 1950లో ఇంట్లో పురుడు పోసుకున్నాక మున్సిపాలిటీకి పరుగెత్తిన వాళ్లు తక్కువ. ముందు మున్సిపల్ రిజిస్టరు వెతికించండి. లేకపోతే లేదని రాతపూర్వకంగా తీసుకోండి. దాన్నే నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 13(3) సెక్షను కింద ఏడాది దాటిన జననాన్ని ఆలస్యంగా నమోదు చేయించే దారి ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి ఆ ఉత్తర్వు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. మన వాడుకలో చెప్పాలంటే ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కాలి. చనిపోయిన మనిషి పుట్టుకను ఇప్పుడు నమోదు చేయమంటే ఆఫీసులు జంకుతాయి, అది నేను చూస్తున్నదే. ఒకవేళ చేసినా, నిన్న పుట్టిన సర్టిఫికెట్‌ను వీసా అధికారి అనుమానంగానే చూస్తాడు. కాబట్టి ఆ ఉత్తర్వు వచ్చినా రాకపోయినా, 1950ల నాటి కాగితాలే మీకు బలం: నాన్నగారి బాప్తిస్మం ఎంట్రీ, స్కూలు రికార్డు, తాతగారి రైల్వే కాగితాల్లో కుటుంబ సభ్యుల జాబితా.

నాన్నగారి బాప్తిస్మం ఎంట్రీ నకలు చర్చి నుంచే, పాస్టరు గారి సంతకం, సీలుతో తీసుకోండి. ముప్ఫై ఏళ్లు దాటిన పత్రం ఉండాల్సిన చోటి నుంచి వస్తే సంతకాలు, రాత అసలువేనని కోర్టు భావించవచ్చు. పాత సాక్ష్య చట్టంలో అది 90వ సెక్షను, 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియంలో 92. చర్చి బీరువా ఉండాల్సిన చోటు. ఏజెంటు సంచి కాదు.

తాతగారి పెళ్లికి మాత్రం ఇంకో ఆసరా ఉంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయపు) చర్చిలో జరిగిన పెళ్లిళ్ల వివరాలు మూడు నెలలకోసారి పైకి పంపాలి. మద్రాసు ప్రాంతపు ప్రతులు లండన్ కూడా చేరేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో, బ్రిటిష్ పాలన నాటి ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఎన్/2 అనే వరుసలో ఉన్నాయి. ఇక్కడి పుస్తకాన్ని చెదలు తినేసినా అక్కడ వెతకవచ్చు. అక్కడా దొరకకపోతే దారి పూర్తిగా మూసుకుపోదు, పెళ్లి లేకుండా పుట్టిన సంతానానికీ ఈ వీసా వర్తిస్తుంది. అప్పుడు తండ్రి ఎవరన్నది వేరే ఆధారాలతో చూపాలి.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారిని కలవండి. తాతగారిది ఆంగ్లికన్ చర్చి అయితే 1947 సెప్టెంబరు 27 తర్వాత అది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కిందికి వచ్చి ఉంటుంది, పాత పుస్తకాలు ఆ బీరువాలోనే ఉండాలి. 1938 పెళ్లి పేజీ, 1950 బాప్తిస్మం పేజీ చూపించమని అడగండి. ఆ రెండు పేజీల్లో ఏముందో, అక్షరం మార్చకుండా, నాకు రాయండి.