నెలనెలా మందుల బిల్లు: పాలసీ ఎందుకు ఇవ్వదు?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ప్రోస్టేట్ వాపుకి టామ్సులోసిన్, బీపీకి టెల్మిసార్టాన్ రోజూ వేసుకుంటారు. ఏటా ప్రీమియం కడుతున్నాం కదా అని మందుల బిల్లులు పంపితే ఇన్సూరెన్స్ కంపెనీ తిప్పికొట్టింది. ఇంకాస్త కడితే మందులకూ వస్తుందని ఏజెంటు అంటున్నాడు. కట్టమంటారా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కంపెనీతో పోట్లాడి లాభం లేదమ్మా. మామూలు ఆరోగ్య పాలసీ ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఇంట్లో వేసుకునే మాత్రలకు కాదు. చేరినప్పుడు మాత్రం అంతకుముందు 30 లేదా 60 రోజులు, ఇంటికొచ్చాక 60 లేదా 90 రోజుల మందుల ఖర్చు చాలా పాలసీలు ఇస్తాయి, అదీ ఆ జబ్బుకి వాడినవాటికే. రేపు నాన్నగారికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయిందనుకోండి, ఆ తర్వాత రాసిన యాంటీబయాటిక్‌కి డబ్బులొస్తాయి, అదే బిల్లులో ఉన్న బీపీ మాత్రలు కొట్టేస్తారు. కాబట్టి అప్పుడు రెండింటికీ వేరువేరు బిల్లులు తీసుకోండి. పేషెంటు పేరు, తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న బిల్లు కావాలి, దాంతో పాటు డాక్టరు చీటీ. షాపువాడు తెల్లకాగితం మీద మొత్తం వేసిచ్చింది చెల్లదు.

ఏజెంటు చెప్పేది ఓపీడీ రైడర్ అయ్యుంటుంది, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి పాలసీకి జతచేసే అదనపు కవరేజీ. ఏడాదికి పరిమితి ఎంత, అందులో మందులున్నాయా లేక డాక్టరు ఫీజేనా, పాత జబ్బులకు ఎప్పటినుంచి వర్తిస్తుంది, ఇవి కాగితం మీద చూపించమనండి. 5 వేల పరిమితి కోసం 4 వేలు అదనంగా కట్టే బేరమైతే వద్దు. దానికంటే జన ఔషధి కేంద్రానికి వెళ్లండి, ఈ రెండు మందులూ వాళ్ల జాబితాలో ఉన్నాయి, బ్రాండ్ల కంటే 50 నుంచి 80 శాతం తక్కువ ధర. చీటీలో జెనరిక్ పేరు, అంటే బ్రాండ్ కాకుండా మందు అసలు పేరు, రాయమని డాక్టరుగారిని అడిగితే సరిపోతుంది.

నాకు అసలు టెన్షన్ వేరే ఉంది. రాత్రిళ్లు మూత్రానికి నాలుగుసార్లు లేచే సంగతి మన మగవాళ్లు భార్యకే సరిగ్గా చెప్పరు, ఇక పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో ఏం రాస్తారు! పాలసీ తీసుకునేనాటికే ఆ మాత్రలు వాడుతూ రాయకపోతే, ఆపరేషన్ రోజున పాత చీటీ బయటపడి మొత్తం క్లెయిమ్ పోవచ్చు. రాసుంటే పాత జబ్బులకు వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని తొలి కాలం) 3 ఏళ్లకు మించకూడదన్నది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. ప్రోస్టేట్ ఆపరేషన్‌కి చాలా పాలసీల్లో 2 ఏళ్ల వెయిటింగ్ విడిగా ఉంటుంది. ఫారం కాపీ ఇవాళే తీసి చూడండి, ఆ మాత్రల సంగతి అందులో రాయకపోయుంటే కంపెనీకి రాతపూర్వకంగా ఇప్పుడే తెలియజేయండి.

ప్రశ్న: నాకు 72, ఏ పాలసీ లేదు. ఇప్పుడు ఇస్తారా?
- విశ్రాంత ఉద్యోగి, నెల్లూరు

జవాబు: అడగొచ్చు. 65 దాటితే కొత్త పాలసీ లేదనే పరిమితి 2024 ఏప్రిల్ నుంచి తీసేశారు, కాకపోతే ప్రీమియం గట్టిగానే ఉంటుంది. ముందు కేంద్ర ప్రభుత్వం ఉచిత వైద్యానికి ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించుకోండి. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పని లేదు, ఆధార్ చాలు, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు. డిశ్చార్జ్ అయ్యాక 15 రోజుల మందులూ అందులోనే, ఆపైన మీ జేబే.